హ్యావ్, హ్యాజ్, హ్యాడ్: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో సాయంత్రం పూట ఇంగ్లీషు చెబుతుంటాను. నర్సంపేట, పరకాల, జనగామ, ములుగు వైపు నుంచి వచ్చి ఇక్కడ గదులు అద్దెకు తీసుకుని చదువుకునే పిల్లలు ఎక్కువ. వారితోపాటు కొందరు గృహిణులు, పదవీ విరమణ చేసిన పెద్దలు కూడా ఉంటారు. బ్యాచీలు మారతాయి గానీ సందేహాలు మారవు. అందులో చాలా భాగం హ్యావ్ అనే ఒక్క క్రియ చుట్టూనే తిరుగుతాయి. అందుకే అడిగినవారి మాటల్లోనే ప్రశ్నలు పెట్టి, జవాబులు రాశాను. ఎవరికి ఏది కావాలో అక్కడికే నేరుగా వెళ్లవచ్చు. ఫోనులో పైకి చదువుకోవడానికి వీలుగా ఇంగ్లీషు వాక్యాలు కూడా తెలుగు లిపిలోనే ఉన్నాయి.

## మొదటి రోజుల్లో వచ్చేవి

హ్యావ్ అంటే 'కలిగి ఉండు' అని గైడులో ఉంది. అంతేనా సార్?

తప్పనలేను గానీ, ఆ అర్థాన్ని బట్టీ పట్టినవారే ఎక్కువ తికమక పడతారు. 'నేను ఇద్దరు చెల్లెళ్లను కలిగి ఉన్నాను' అని ఏ ఇంట్లోనైనా విన్నారా? 'నాకు ఇద్దరు చెల్లెళ్లున్నారు' అంటాం. డబ్బయితే 'నా దగ్గర ఐదు వందలున్నాయి', గదులయితే 'మా ఇంట్లో మూడున్నాయి', స్తంభాలయితే 'గుడికి వేయి ఉన్నాయి'. తెలుగులో ఉన్న వస్తువే కర్త. ఎవరికి ఉందో వారి పేరుకు కు, దగ్గర, లో వంటివి తగిలిస్తాం. ఇంగ్లీషు ఈ ప్రత్యయాలన్నింటినీ పక్కన పెట్టి, ఆ మనిషినో ఇంటినో గుడినో తెచ్చి కర్త స్థానంలో కూర్చోబెడుతుంది. 'ఐ హ్యావ్ టూ సిస్టర్స్', 'ఐ హ్యావ్ ఫైవ్ హండ్రెడ్ రుపీస్', 'అవర్ హౌస్ హ్యాజ్ త్రీ రూమ్స్', 'ద టెంపుల్ హ్యాజ్ ఎ థౌజండ్ పిల్లర్స్'.

అందువల్ల హ్యావ్‌కు సరిపోయే తెలుగు మాట కోసం వెతకకండి. ఎవరికి, ఎవరి దగ్గర, దేనిలో అని ప్రశ్న వేసుకుని, వచ్చిన జవాబును ప్రత్యయం తీసేసి వాక్యం మొదట పెట్టండి.

ఈ 'కలిగి ఉండు' వల్ల తెలుగుకూ కీడే జరుగుతోంది. 'ఈ ఫోను మూడు కెమెరాలను కలిగి ఉంది' అని ప్రకటన చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. 'ఈ ఫోనుకు మూడు కెమెరాలున్నాయి' అంటే ఎవరికి నష్టం?

హ్యావ్ ఎక్కడ, హ్యాజ్ ఎక్కడ?

హి, షి, ఇట్, లేదా ఒక్కరి పేరు, ఒక్క వస్తువు అయితే హ్యాజ్. మిగతా అందరికీ హ్యావ్. గడిచిన కాలానికి ఎవరికైనా హ్యాడ్. మనవాళ్లు జారిపడే చోటు గౌరవ బహువచనం. 'మా సార్ వచ్చారు' అని తెలుగులో అనడం అలవాటు కాబట్టి 'అవర్ సర్ హ్యావ్ కమ్' అనేస్తారు. ఇంగ్లీషు క్రియకు ఈ మర్యాద తెలియదు. ఎంత పెద్దవారైనా ఒక్కరే అయితే 'అవర్ సర్ హ్యాజ్ కమ్'.

హి పక్కన హ్యాజ్ రావాలి కదా, 'డజ్ హి హ్యాజ్' ఎలా తప్పవుతుంది?

ఒక వాక్యంలో ఆ బరువు ఒక్క క్రియే మోస్తుంది. డు కాస్తా డజ్ అయినప్పుడే హి కి చెల్లించాల్సింది చెల్లించేశాం, హ్యావ్ మళ్లీ మారనవసరం లేదు. 'డజ్ హి హ్యావ్ ఎ బైక్?' 'హి డజ్ నాట్ హ్యావ్ ఎ బైక్.' డిడ్ వచ్చినా అంతే. 'డిడ్ యూ హ్యావ్' సరి, 'డిడ్ యూ హ్యాడ్' తప్పు.

'చిల్లర లేదు' అనడానికి 'ఐ హ్యావ్ నాట్ చేంజ్' అనవచ్చా?

'ఐ డోంట్ హ్యావ్ చేంజ్' అనండి. బస్సులో కండక్టరుతో ఇంగ్లీషు అవసరం పడకపోవచ్చు గానీ, ఊరు దాటితే ఇది రోజూ పనికొచ్చే వాక్యం. పాత ఇంగ్లీషు కథల్లో 'ఐ హ్యావ్ నాట్ ఎనీ మనీ' వంటివి కనిపిస్తాయి. ఇప్పుడు అలా మాట్లాడేవారు అరుదు.

'ఐ హ్యావ్ గాట్ ఎ పెన్' అంటే పెన్ను వచ్చిందనా, ఉందనా?

ఉందనే. బ్రిటన్‌లో మాటల్లో ఇది ఎక్కువ. అమెరికాలో 'ఐ హ్యావ్ ఎ పెన్' మామూలు. అమెరికావారు 'వచ్చింది, సంపాదించాను' అనడానికి 'హ్యావ్ గాటెన్' అని వేరే రూపం వాడతారు. ఒకప్పుడు ఉండేది అని చెప్పాలంటే వట్టి హ్యాడ్ చాలు, గాట్ తగిలించకండి.

## ఇంట్లో, ఊళ్లో, ఆస్పత్రిలో

'ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్' అంటే ఫోనులో అవతలివాళ్లు నవ్వారు. తప్పేమిటి?

తెలుగులో 'ఉన్నారు' అనే మాటలో ఇప్పుడు అనే భావం కూడా ధ్వనిస్తుంది. దానికి తగ్గట్టు ఇంగ్లీషులోనూ ఇంగ్ చేర్చేస్తాం. ఇంగ్లీషులో ఇంగ్ అంటే జరుగుతూ ఉన్న పని, కాసేపటికి ముగిసేది. అన్నదమ్ములుండటం పని కాదు, స్థితి. ఇల్లు, పొలం, బైకు, అనుభవం, జ్ఞాపకశక్తి అన్నీ అంతే. వాటికి 'ఐ హ్యావ్' చాలు.

అయితే హ్యావింగ్ మొత్తానికే నిషిద్ధమనుకోకండి. హ్యావ్‌కు తినడం, అనుభవించడం, జరుపుకోవడం అనే అర్థం వచ్చిన చోట హాయిగా వాడవచ్చు. 'వి ఆర్ హ్యావింగ్ లంచ్', 'దే ఆర్ హ్యావింగ్ ఎ మీటింగ్', 'షి ఈజ్ హ్యావింగ్ ఎ బేబీ' (ఆమె త్వరలో ప్రసవించబోతోంది). ఒక చిన్న పరీక్ష ఉంది. హ్యావింగ్ తీసి తెలుగులో 'చేస్తున్నాం, తింటున్నాం, జరుపుకుంటున్నాం' అని పెట్టి చూడండి. అతికితే హ్యావింగ్ సరి. 'ఉంది, ఉన్నారు' మాత్రమే అతికితే హ్యావ్.

తెలుగు వాక్యం 'నాకు' అని మొదలైతే కళ్లు మూసుకుని 'ఐ హ్యావ్' పెట్టవచ్చా?

కళ్లు తెరిచే పెట్టాలి. తెలుగులో 'నాకు' చాలా దూరం ప్రయాణిస్తుంది. అంత దూరం హ్యావ్ వెంట రాదు. 'నాకు ఆకలిగా ఉంది' అంటే 'ఐ యామ్ హంగ్రీ'. 'నాకు భయంగా ఉంది' అంటే 'ఐ యామ్ అఫ్రెయిడ్'. 'నాకు ఇరవై ఏళ్లు' అంటే 'ఐ యామ్ ట్వెంటీ'. 'నాకు తెలుసు' అంటే 'ఐ నో', 'నాకు కావాలి' అంటే 'ఐ వాంట్', 'నాకు ఈత వచ్చు' అంటే 'ఐ కెన్ స్విమ్'. వీటిలో ఎక్కడా హ్యావ్ లేదు.

అన్నింటికంటే చిక్కు చలిదీ జలుబుదీ. 'నాకు చలిగా ఉంది' అంటే 'ఐ యామ్ కోల్డ్'. 'నాకు జలుబు చేసింది' అంటే 'ఐ హ్యావ్ ఎ కోల్డ్'. డిసెంబరులో తెల్లవారుజామున కాజీపేట ప్లాట్‌ఫారం మీద వణుకుతూ 'ఐ హ్యావ్ కోల్డ్' అన్నారంటే, వినేవారు శాలువా ఇవ్వరు, మాత్ర పేరు చెబుతారు.

గుర్తుకు ఒక ఆనవాలు: తెలుగులో 'గా ఉంది' అని వస్తే చాలాసార్లు ఇంగ్లీషులో యామ్ వస్తుంది. ఆకలిగా, భయంగా, చలిగా, సంతోషంగా, కోపంగా, అలసటగా. దీనికి 'జ్వరంగా ఉంది' లాంటి ఒకటి రెండు మినహాయింపులున్నాయి. అక్కడ 'ఐ హ్యావ్ ఎ ఫీవర్' అనాలి.

'మా ఊళ్లో రెండు చెరువులున్నాయి' అనడానికి 'ఇన్ అవర్ విలేజ్ హ్యాజ్ టూ ట్యాంక్స్' అని రాశాను. మార్కు ఎందుకు పోయింది?

'ఇన్' వల్ల. ఇన్ అవర్ విలేజ్ అంటే 'ఊళ్లో', అది కర్త కాలేదు. హ్యాజ్‌కు ముందు 'ఊరు' ఉండాలి. రెండు దారులున్నాయి: 'అవర్ విలేజ్ హ్యాజ్ టూ ట్యాంక్స్', లేదా 'దేర్ ఆర్ టూ ట్యాంక్స్ ఇన్ అవర్ విలేజ్'. రెండూ కలిపితే మార్కు పోతుంది. అన్నట్టు, చెరువుకు ట్యాంక్ అన్న మాట మన దేశపు ఇంగ్లీషులో పాతుకుపోయింది. బయటిదేశం వారికి మాత్రం ట్యాంక్ అంటే నీళ్ల తొట్టో యుద్ధట్యాంకో గుర్తుకొస్తుంది. వారితో లేక్ అనడం మేలు.

'భోజనం చేశారా?' అని అడగాలంటే 'డిడ్ యూ టేక్ లంచ్' అనవచ్చా?

మన దేశంలో అందరికీ అర్థమవుతుంది. బయటివారు మాత్రం 'హ్యావ్ యూ హ్యాడ్ లంచ్?' లేదా 'డిడ్ యూ హ్యావ్ లంచ్?' అంటారు. టీ, టిఫిను, నీళ్లు అన్నింటికీ హ్యావ్ సరిపోతుంది. టేక్ మందుబిళ్లలకు ఉంచండి: 'టేక్ దిస్ టాబ్లెట్ ఆఫ్టర్ ఫుడ్'.

సెలవు చీటీలో 'ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' అనే రాయాలా?

బడిలో అందరం అదే రాశాం, మన పిల్లలూ రాస్తున్నారు. వ్యాకరణ దోషం లేదు, బరువు ఎక్కువ. సఫరింగ్ అనేది పెద్ద జబ్బుకో చాలాకాలంగా వేధిస్తున్న బాధకో తగిన మాట. రెండు రోజుల జ్వరానికి 'ఐ హ్యావ్ ఎ ఫీవర్' చాలు. ఫీవర్, కోల్డ్, హెడేక్, కాఫ్ ముందు 'ఎ' మరవకండి. డయాబెటిస్, మలేరియా, టైఫాయిడ్ వంటి జబ్బుల పేర్ల ముందు 'ఎ' రాదు.

## కాలాల దగ్గరికి వచ్చాక

'ఐ ఏట్', 'ఐ హ్యావ్ ఈటెన్' రెండూ 'తిన్నాను' అయితే రెండెందుకు?

తెలుగు ఒక్క 'తిన్నాను'తో రెండు పనులు చేయించుకుంటుంది. ఇంగ్లీషు ఆ పనుల్ని విడగొట్టింది. చుట్టాలింట్లో మళ్లీ వడ్డించబోతే చేయి అడ్డం పెట్టి 'తిన్నానండీ' అంటారు. ఎన్ని గంటలకు తిన్నారన్నది అక్కడ ఎవరికీ అవసరం లేదు, ఇప్పుడు కడుపు నిండి ఉందన్నదే సంగతి. అది 'ఐ హ్యావ్ ఈటెన్'. డాక్టరు 'మాత్ర వేసుకునే ముందు ఎప్పుడు తిన్నారు?' అని అడిగితే 'ఒంటిగంటకు తిన్నాను' అంటారు. అది 'ఐ ఏట్ ఎట్ వన్'.

కాబట్టి నిన్న, పోయిన వారం, పొద్దున ఎనిమిదింటికి, 2019లో అని గడిచిన సమయం పేరు చెప్పారంటే హ్యావ్ తప్పుకోవాలి. 'ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్డే' అనే వాక్యం మన దగ్గర రోజూ వినిపిస్తుంది. 'ఐ సా హిమ్ యెస్టర్డే' అనాలి. సమయం చెప్పకుండా 'చూశాను, నాకు తెలుసు' అనే ధోరణిలో అంటే 'ఐ హ్యావ్ సీన్ హిమ్' సరే. ఆల్రెడీ, జస్ట్ అనే మాటలతో బ్రిటన్‌వారు హ్యావ్ వాడతారు. అమెరికావారు 'ఐ ఆల్రెడీ ఏట్' అని కూడా అంటారు. రెండూ ఒప్పే.

'2015 నుంచి హనుమకొండలో ఉంటున్నాను' అంటే 'ఐ యామ్ లివింగ్' కదా?

'ఉంటున్నాను' వర్తమానం కాబట్టి యామ్ అనిపిస్తుంది. అయితే 'నుంచి' వచ్చిందంటే ఇంగ్లీషు వెనక్కి కూడా చూస్తుంది. 2015లో మొదలై ఈ రోజు దాకా సాగుతున్నదానికి 'ఐ హ్యావ్ బీన్ లివింగ్ ఇన్ హనుమకొండ సిన్స్ 2015' అనాలి. రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు 2021లో వచ్చింది, ఇప్పటికీ ఉంది. అందుకే 'రామప్ప హ్యాజ్ బీన్ ఎ వరల్డ్ హెరిటేజ్ సైట్ సిన్స్ 2021'. మొదలైన సంవత్సరమో నెలో చెబితే సిన్స్, మొత్తం ఎంతకాలమో చెబితే ఫర్.

'హ్యాజ్ హ్యాడ్', 'హ్యాడ్ హ్యాడ్' అని చదివాను. అచ్చుతప్పులా?

కావు. మొదటిది కాలాన్ని చూపించే హ్యావ్, రెండోది 'ఉండటం' లేదా 'తినడం' అనే అసలు అర్థమున్న హ్యావ్. మన జిల్లాల లెక్కతో చూడండి. తెలంగాణకు 2016 అక్టోబరు దాకా 10 జిల్లాలుండేవి. ఆ లెక్క ఇప్పుడు లేదు, కాబట్టి 'తెలంగాణ హ్యాడ్ టెన్ డిస్ట్రిక్ట్స్'. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి, ఇప్పటికీ అన్నే. కాబట్టి 'తెలంగాణ హ్యాజ్ హ్యాడ్ థర్టీ త్రీ డిస్ట్రిక్ట్స్ సిన్స్ 2019'.

హ్యాడ్ హ్యాడ్ గతంలోని గతానికి వస్తుంది. వారు టీ ఇవ్వబోయారు, నేను అంతకుముందే తాగి ఉన్నాను: 'ఐ సెడ్ నో బికాజ్ ఐ హ్యాడ్ హ్యాడ్ టీ'. మాటల్లో మొదటి హ్యాడ్ దాదాపు మింగేస్తారు, 'ఐడ్ హ్యాడ్' అని వినిపిస్తుంది.

'మేడారం వెళ్లాను' అంటే 'హ్యావ్ గాన్' అనాలా, 'హ్యావ్ బీన్' అనాలా?

వెళ్లి తిరిగొచ్చారు కాబట్టి 'ఐ హ్యావ్ బీన్ టు మేడారం'. 'హి హ్యాజ్ గాన్ టు మేడారం' అంటే ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు, లేదా దారిలో ఉన్నాడు. మన ఎదుట నిలబడి 'ఐ హ్యావ్ గాన్' అనడం ఎలా కుదురుతుందో ఆలోచించండి. ఏ జాతరకో చెప్పదలచుకుంటే 'ఐ వెంట్ టు మేడారం ఇన్ 2024'.

## తప్పనిసరి, అనవసరం, చేయించుకోవడం

'యూ మస్ట్ నాట్ కమ్', 'యూ డోంట్ హ్యావ్ టు కమ్' ఒకటేనా?

ఒకటి అనుకుంటే బంధుత్వాలు చెడతాయి. మస్ట్ నాట్ అంటే 'రాకూడదు'. డోంట్ హ్యావ్ టు అంటే 'రానవసరం లేదు, వస్తే సంతోషమే'. మస్ట్, హ్యావ్ టు రెండూ 'రావాలి' అని చెప్పడంలో దగ్గరి చుట్టాలు, కాదనడంలో మాత్రం తూర్పు పడమర. పలికేటప్పుడు హ్యావ్ టు కాస్తా 'హ్యాఫ్ టు' అవుతుంది, హ్యాజ్ టు 'హ్యాస్ టు' అవుతుంది.

'వెళ్లాల్సి వచ్చింది', 'వెళ్లాల్సింది' రెండింటికీ హ్యావే వస్తుందా?

వస్తుంది, వేర్వేరు కూర్పుల్లో. 'వెళ్లాల్సి వచ్చింది' అంటే ఇష్టం లేకపోయినా వెళ్లారు: 'ఐ హ్యాడ్ టు గో'. 'వెళ్లాల్సింది' అంటే వెళ్లలేదు, ఇప్పుడు బాధపడుతున్నారు: 'ఐ షుడ్ హ్యావ్ గాన్'. తెలుగులో ఒక్క 'వచ్చి' తేడాతో కథ తలకిందులవుతోంది చూశారా! పెళ్లికి వెళ్లినవారు 'షుడ్ హ్యావ్ గాన్' అంటే వెళ్లలేదన్నట్టే. వేగంగా మాట్లాడితే షుడ్ హ్యావ్ 'షుడవ్' అవుతుంది. ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్నవారే దాన్ని విని హ్యావ్ బదులు 'ఆఫ్' అని తప్పుగా రాస్తుంటారు. మీరు రాయకండి.

'యూ హ్యాడ్ బెటర్' అని పెద్దవారితో అనవచ్చా?

వద్దు. సలహాలా కనిపిస్తుంది గానీ 'లేకపోతే నీ ఇష్టం' అన్న బెదిరింపు అడుగున ఉంటుంది. పెద్దవారితో 'ఇట్ వుడ్ బి బెటర్' అనండి. హ్యాడ్ ఉన్నా ఇది గతం గురించి కాదు, ఇకమీదట చేయాల్సిన దాని గురించి.

కటింగ్ చేయించుకుని 'ఐ కట్ మై హెయిర్' అన్నాను. సరైనదేనా?

కత్తెర మీరే పట్టారని అర్థం వస్తుంది. తెలుగులో చేయడానికీ చేయించడానికీ మధ్య 'ఇంచు' ఉంది. ఇంగ్లీషులో ఆ పని హ్యావ్ చేస్తుంది. ముందు వస్తువు, ఆ తర్వాత క్రియ మూడో రూపం: 'ఐ హ్యాడ్ మై హెయిర్ కట్', 'ఐ హ్యాడ్ మై ఫోన్ రిపేర్డ్', 'ఐ హ్యాడ్ మై సర్టిఫికెట్స్ అటెస్టెడ్'. ఇదే కూర్పు మన ప్రమేయం లేకుండా జరిగిన చెడుకూ వస్తుంది. 'ఐ హ్యాడ్ మై ఫోన్ స్టోలెన్' అంటే ఫోను దొంగిలించారని. దొంగతనం చేయించానని అర్థం కాదు, కంగారుపడకండి.

## ఇంటర్వ్యూకు వెళ్లే ముందు

'ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2022' అని అందరూ అంటున్నారు కదా?

అందరూ అంటున్నారు, అందరిదీ తప్పే. సంవత్సరం చెప్పారు కాబట్టి హ్యావ్ రాదు: 'ఐ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2022'. సంవత్సరం చెప్పకపోతే 'ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై బీటెక్' సరే. ఆ వెంటనే వచ్చే 'ఐ యామ్ హ్యావింగ్ టూ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్' కూడా మార్చుకోండి. 'ఐ హ్యావ్ టూ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్' అనండి. మొదటి నిమిషంలో వచ్చే వాక్యాలు ఈ రెండే కాబట్టి, మిగతావి ఎలా ఉన్నా ఇవి నోటికి రావాలి.

'ఐ హ్యావ్ ఎ డౌట్' అంటే అమెరికా మేనేజరు ఎందుకు వింతగా చూశారు?

మనకు డౌట్ అంటే అడగాల్సిన ప్రశ్న. ఆయనకు అపనమ్మకం. మీ మాట మీద నాకు నమ్మకం లేదన్నట్టు వినిపించి ఉంటుంది. 'ఐ హ్యావ్ ఎ క్వశ్చన్' అనండి.

అసలు తెలుగులో హ్యావ్ ఎందుకు లేదు? మన భాషలో లోపమా?

లోపమేమీ లేదు. తమిళం, కన్నడం కూడా మనలాగే 'నాకు ఉంది' తరహాలో నడుస్తాయి. హిందీ ఇంగ్లీషుకు దూరపు బంధువు, ఒకే ఇండో-యూరోపియన్ కుటుంబం. అయినా అది 'మేరే పాస్ హై' అనే అంటుంది. వరంగల్ బజారులో ఇది రోజూ వింటాం. రష్యన్ కూడా 'నా దగ్గర ఉంది' అన్న తీరే.

హ్యావ్ పాత ఇంగ్లీషులో హబ్బన్, జర్మన్‌లో హాబెన్. లాటిన్‌లో ఇదే అర్థంతో హబేరే ఉంది. ధ్వని, అర్థం రెండూ కలిసినా దానికీ దీనికీ చుట్టరికం లేదు. హ్యావ్‌కు అసలు బంధువు లాటిన్‌లోని కపేరే, అంటే పట్టుకోవడం. 'రాసిన ఉత్తరం నా దగ్గర ఉంది' అన్న పాత కూర్పే కాలక్రమంలో 'నేను ఉత్తరం రాశాను' అయింది, హ్యావ్ కాలాన్ని చూపే పనికి అలా వచ్చి చేరింది.

ఎవరైనా 'హ్యావ్ ఎ నైస్ డే' అంటే ఏమనాలి?

'థాంక్యూ, యూ టూ.' 'సేమ్ టు యూ' అన్నా తప్పులేదు. కొందరు 'ఐ విల్ హ్యావ్' అని జవాబిస్తున్నారు, అది మాత్రం వద్దు.